గంజి పెట్టిన మాస్కు

బంగాళాదుంప ముక్క మీద అయోడిన్ చుక్క వేస్తే నీలంగా మారుతుందని ఏడో తరగతి చదివిన ప్రతివాళ్ళకీ తెలుసు. పిండి ఉందో లేదో చూడటానికి అదే పరీక్ష. గంజిలో ఉండేది పిండేనని బడి గడప తొక్కనివాళ్ళకి కూడా చెప్పక్కర్లేదు. అలాంటిది, గోడ నిండా పట్టాలు వేలాడదీసుకున్న డాక్టర్ శేషఫణికి ఆ సంగతి తట్టలేదని ఎవరైనా అంటే నేను నమ్మను. ఆయనకి తట్టేలా చేసింది నేనే. కాగితం మీద రాసి, సంతకం చేసి మరీ ఇచ్చాను. అంటే నాకూ తెలుసన్నమాట. కాబట్టి ఇక్కడ ఆయన్ని తిట్టే ప్రతి తిట్టులోనూ సగం నాది.

పొడిజ్వరం వచ్చిన ఏడాది అది. దాంతో వచ్చిన చిక్కు ఏమిటంటే, ఒళ్ళు వెచ్చబడటానికి నాలుగు రోజుల ముందునుంచే మనిషి ఊపిరిలోంచి క్రిమి బయటికి వస్తుంది. ముక్కులో పుల్ల పెట్టి చేసే పరీక్ష ఉంది గానీ, ఫలితం చేతికొచ్చేసరికి వారం దాటేది. ఈలోపు ఆ మనిషి పెళ్ళికీ వెళ్ళొస్తాడు, చావుకీ వెళ్ళొస్తాడు. మాస్కు వేసుకోమంటే మెడలో వేసుకునేవాళ్ళు, గడ్డానికి తగిలించుకునేవాళ్ళు, పోలీసు కనబడితే పైకి లాక్కునేవాళ్ళు.

మా పరిశోధన సంస్థ దీనికి కనిపెట్టిన మందు పేరు నీలిపోగు. నూలు పోగులో కంటికి కనబడనంత చిన్న గూళ్ళు కట్టి, వాటిలో అయోడిన్ దాచాం. ఊపిరిలో ఆ క్రిమి ఉంటే గూడు విచ్చుకుంటుంది. పక్కనే పిండి పట్టించిన పోగు ఉంటుంది, అది నీలంగా మారుతుంది. మాస్కు అంచున సన్నటి నీలి గీత వచ్చిందంటే రెండు గంటల్లో జబ్బు బయటపడ్డట్టే. ఆ పోగుని గుడ్డలో ఎలా నేయాలో చెప్పింది నేను. నేత కుటుంబంలో పుట్టి రసాయనశాస్త్రం చదివిన పిల్లని ఆ సంస్థలో నేనొక్కదాన్నే. పేటెంటు కాగితంలో శేషఫణిగారి పేరు కింద రెండో పేరు నాది, కస్తూరి అని. ఆ కాగితం నకలు చూసుకుని ఎన్నిసార్లు మురిసిపోయానో చెబితే సిగ్గుచేటు.

లోపం బయటపడింది నా మూతి మీదే. ఒక సోమవారం లాబులో నా మాస్కు నీలంగా మారింది. అంచున గీత కాదు, అరచేతి వెడల్పున మచ్చ. పై ప్రాణాలు పైనే పోయాయి. గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. సంస్థవాళ్ళం కాబట్టి పుల్ల పరీక్ష ఫలితం మర్నాటికే వచ్చింది. జబ్బు లేదు. మరి నీలం ఎక్కణ్ణించి వచ్చింది? అప్పుడు గుర్తొచ్చింది, ఆదివారం చీరలతో పాటు మాస్కుకి కూడా గంజి పెట్టి ఇస్త్రీ చేశాను. ఇస్త్రీ వేడికి గూళ్ళు కాస్త వదులవుతాయి, మూతి చెమటకి రవ్వంత అయోడిన్ కారుతుంది. ఆ రవ్వంత సన్నటి పోగు మీద తెలియదు, మామూలు గుడ్డ మీద కనబడదు. గంజి గుడ్డ మీద మాత్రం ఊరందరికీ కనబడుతుంది.

ఇరవై మాస్కులు తీసుకుని పదింటికి గంజి పెట్టాను, పదింటికి పెట్టలేదు. జబ్బులేదని తేలిన ఇరవైమందికి తొడిగాను. గంజి పెట్టినవాటిలో ఒక్క పూటకే ఏడు నీలమయ్యాయి. గంజి పెట్టని పదీ తెల్లగానే ఉన్నాయి. రాసి శేషఫణిగారి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివి నవ్వాడు. "ఈ రోజుల్లో గంజి ఎవరు పెడతారమ్మా?"

"మా వీధిలో పెడతారు సార్. మగ్గం మీదికెక్కే పడుగుకీ గంజే, ఒంటి మీది బట్టకీ గంజే. గంజి లేకుండా బయటికొస్తే ఒంట్లో బాగాలేదా అని అడుగుతారు."

మొదటి ప్రయోగానికి చీరాల దగ్గరి మా పోగుల వీధిని ఎంచుకుంది కూడా నా మాట మీదే. రెండువందల పన్నెండు ఇళ్ళు. అందుకే అంత గట్టిగా చెప్పాను.

"సరే, కరపత్రంలో తొమ్మిదో సూచనగా వెయ్యి" అన్నాడాయన. "ఈ మాస్కుకు గంజి పెట్టరాదు. చాలు."

వేశాను. అచ్చు నుంచి వచ్చిన కరపత్రంలో ఎనిమిదే ఉన్నాయి. పరుగెత్తుకెళ్ళి అడిగితే ఆయన తలుపు దగ్గరికి వేయించి, నెమ్మదిగా, పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు.

"చూడమ్మా కస్తూరీ. నీలం ఒక్కోసారి తప్పు కావచ్చని మనమే అచ్చువేస్తే ఏమవుతుంది? రేపు నీలం వచ్చిన ప్రతివాడూ 'గంజి పెట్టానండీ' అని ఇంటికి పోతాడు. జబ్బున్నవాడు కూడా. జనానికి నిబంధన ఇచ్చేటప్పుడు సందు ఇవ్వకూడదు. రెండో ముద్రణలో చూద్దాం. ఈలోపు నువ్వు మీవాళ్ళకి నోటితో కూడా చెప్పకు. ఒక వీధికి ఒక మాట, ఇంకో వీధికి ఒక మాట అయితే ప్రయోగం చెడిపోతుంది."

నాకు ఆ మాటల్లో న్యాయం కూడా కనబడింది. అదే నా ఖర్మ. మోసం మోసంలాగే కనబడితే ఎవరైనా తప్పుకుంటారు.

మా వీధిలో కరపత్రం చదివింది మా మేనత్త మాణిక్యమ్మ. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. నా చదువంతా ఆవిడ గుంట మగ్గం పక్కనే సాగింది. వీధిలో ఆడవాళ్ళలో గడగడా పేపరు చదవగలిగేది ఆవిడొక్కతే కాబట్టి, ఏ కాగితం వచ్చినా ఆవిడ చదివితేనే వచ్చినట్టు లెక్క. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పట్టిస్తుంటే, అందరూ అక్కడే ఉంటారని, అరుగు మీద నిలబడి ఎనిమిది సూచనలూ రెండుసార్లు చదివింది. ముక్కు పూర్తిగా కప్పుకోవాలి. రోజూ ఉతకాలి. ఒకరిది ఒకరు వాడకూడదు. ప్రతి శనివారం వీధి మొదట్లో వైద్యసిబ్బందికి చూపించాలి, నీలం వస్తే వాళ్ళ వ్యానెక్కి విడిగా ఉంచే చోటికి వెళ్ళాలి. ఇంకా అలాంటివే.

ఎదురింటి కోటిలింగం పడుగుకి అవతల నిలబడి భుజం మీది తువ్వాలు చూపించాడు. "ఇది చాలదా మాణిక్యమ్మొదినా? మా తాత కాడ్నించి ఇదే మాకు మాస్కు."

"దాంతోనే చెమట తుడుస్తావు, దాంతోనే మగ్గం తుడుస్తావు, దాంతోనే ముక్కు చీదతావు. అది మూతికి కట్టుకుంటే పొడిజొరం ఎందుకు, దాని తాత వస్తది" అంది అత్త. వీధంతా నవ్వింది. "మా కస్తూరి చేసిన మాస్కు ఇది. ఏసుకోనోళ్ళు నా గడప తొక్కబాకండి."

తొక్కబాకండి అంటే ఆ వీధిలో ఎవరూ తొక్కరు. మూడు రోజుల్లో పోగుల వీధిలో మాస్కు లేని మూతి లేదు, కోటిలింగానిది తప్ప. ప్రభుత్వం ఏడాదిపాటు మైకులు పెట్టి అరిచినా కాని పని అది. నేను సంస్థలో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను.

గురువారం మధ్యాహ్నం అత్త ఫోను చేసింది. గొంతులో ఒకటే హుషారు.

"అమ్మాయ్, ఈ గుడ్డ మరీ మెత్తగా ఉందే. మూతికి అతుక్కుని ఊపిరాడటంలేదని అందరూ పీకేస్తన్నారు. ఎట్టాగూ పడుగు గంజి మిగిలింది గదా, మనింటియ్యన్నీ గంజిలో ముంచి ఇస్త్రీ చేశా. ఎట్టా నిలబడ్డాయనుకున్నావు! చూసి పక్కోళ్ళు కూడా తెచ్చిచ్చారు. నలభై దాకా చేసిపెట్టా. బాగుంది గదా?"

చెప్పాల్సింది ఒక్క ముక్క. "వద్దత్తా, మళ్ళీ ఉతికెయ్" అంటే సరిపోయేది. ప్రయోగం చెడిపోతుంది, పేటెంటులో పేరు పోతుంది, ఆయన అన్న న్యాయం, అన్నీ ఒక్కసారిగా నాలుక మీద కూర్చున్నాయి.

"బాగుందత్తా" అన్నాను.

ఫోను పెట్టేసి శేషఫణిగారి గదికి పరుగెత్తాను. ఆయన హైదరాబాదులో ఉన్నాడు. ఫోనులో దొరికాడు గానీ, "సోమవారం వచ్చాక మాట్లాడదాం" అన్నాడు. శనివారం సోమవారం కంటే ముందే వస్తుందని అంత చదువుకున్నాయనకి నేను చెప్పలేకపోయాను.

శనివారం సంగతి నాకు కోటిలింగమే ఫోనులో చెప్పాడు. వరసలో మొదట నిలబడింది అత్తేనట. కంచిపట్టు చీరంత గట్టిగా నిలబడ్డ మాస్కు, దాని నిండా నీలిమచ్చ. వెనకాల ఆవిడ గంజి పెట్టిచ్చినవాళ్ళంతా నీలమే. నలభైముగ్గురు. రోజూ ఉతికి, ఇస్త్రీ చేసి, ముక్కు నిండా కప్పుకుని, చెప్పిన ప్రతి మాటా విన్న నలభైముగ్గురు. కోటిలింగం జేబులో నలిగి ఉండలైన మాస్కు తీసి అప్పటికప్పుడు తగిలించుకుంటే, తెల్లగా ఉందని సిబ్బంది మెచ్చుకున్నారట.

"అందరూ ఏడుస్తంటే మీ అత్త ఏమందో తెలుసా?" అన్నాడు. "నిబంధన అందరికీ ఒకటే, నాకేం కొమ్ములున్నాయా అని, ముందు తనే వ్యానెక్కింది. మిగతావోళ్ళు ఆమెని చూసి ఎక్కారు. అమ్మాయ్, మీ అత్తకి జొరమెక్కడ్నించి వచ్చిందే? గడప దాటందే!"

అత్త ఎక్కింది కాబట్టి మిగతావాళ్ళు ఎక్కారు. ఆ మాట నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వదు.

వాళ్ళని ఉంచింది ఊరి బయటి కాలేజీ హాస్టల్లో. అక్కడ అప్పటికే నిజంగా జబ్బున్నవాళ్ళు అరవైమంది ఉన్నారు. హాలు ఒక్కటే. గాలీ ఒక్కటే.

సోమవారం శేషఫణిగారు కాళ్ళ చెప్పులు విప్పుకోకముందే ఆయన గదిలో నిలబడ్డాను. "వాళ్ళని వదిలేయమని చెప్పండి సార్. మీరు ఒక్క ఉత్తరం రాస్తే చాలు."

"పుల్ల పరీక్షలకి పంపారు కదా. ఫలితాలు రాగానే జబ్బు లేనివాళ్ళని పంపేస్తారు."

"అవి రావడానికి తొమ్మిది రోజులు పడుతోంది. ఈలోపు వాళ్ళకి అక్కడే అంటుకుంటుంది."

"మంచాల మధ్య ఆరడుగుల దూరం ఉంది" అన్నాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వచ్చే నెల ముప్ఫై లక్షల మాస్కులు బయటికెళ్తున్నాయి కస్తూరీ. ఇప్పుడు నీలం అబద్ధమంటే, నీలిపోగే కాదు, జనం మామూలు మాస్కు కూడా విసిరికొడతారు. ఎన్ని వేల ప్రాణాలు పోతాయో లెక్కేసుకో. నలభైమంది వారం రోజులు ఓపిక పట్టడం పెద్ద త్యాగమా?"

త్యాగం అనే మాట చేసేవాళ్ళకి చెప్పి చేయించాలి. ఆ ముక్క నేను అప్పుడు అనలేదు. తలొంచుకుని వచ్చేశాను. నాలుగు రోజులు, పూర్తిగా నాలుగు రోజులు, ఏదో ఒకటి ఆయనే చేస్తాడని కూర్చున్నాను.

ఆయన చేశాడు. శుక్రవారం పేపర్లో సంస్థ ప్రకటన వచ్చింది. "నీలిపోగు మాస్కుకు గంజి పెట్టరాదని కరపత్రంలోని తొమ్మిదవ సూచనలో ముందే స్పష్టంగా తెలిపినప్పటికీ, కొన్నిచోట్ల ప్రజలు నిర్లక్ష్యం వహించడం వల్ల తప్పుడు ఫలితాలు వచ్చినట్లు గుర్తించాము." పక్కనే కరపత్రం బొమ్మ. తొమ్మిది సూచనలు. తేదీ మాత్రం పాతదే. నేను టైపు చేసిన వాక్యం, అక్షరం మారకుండా, నా వాళ్ళ మీదికి రాయిలా విసిరారు. కంచే చేను మేయడమంటే చిన్నప్పుడు సామెతని చదువుకున్నాను. ఆ కంచె కట్టడానికి కర్రలు అందించింది నేనే.

బస్సు పట్టుకుని హాస్టలుకి వెళ్ళాను. లోపలికి రానివ్వరు, పుల్ల ఫలితం వచ్చేదాకా ఎవర్నీ బయటికీ వదలరు. కిటికీ అవతల వాళ్ళు, పది అడుగుల ఇవతల మనం, మధ్యలో ఫోను. అత్త ఊచలు పట్టుకుని నిలబడింది. మొహం ఎర్రగా ఉబ్బి ఉంది. ముందురోజే జ్వరం మొదలైందట. ఈసారి నిజం జ్వరం. చంకలో ఆ పేపరు మడిచి పెట్టుకుంది.

"అమ్మాయ్, వచ్చావా. ఇంట్లో దేవుడి గూట్లో ఆ కాయితం ఉంది, కాస్త పట్టుకురా."

"ఏ కాగితం అత్తా?"

"అదేనే, సూచనల కాయితం. తొమ్మిదో ముక్క నేనెట్టా చదవకుండా వదిలేశానో చూసుకోవాల." దగ్గు ఆపుకుని మళ్ళీ మొదలెట్టింది. "రెండుసార్లు చదివానే అందరికీ. ఎనిమిదే కనబడ్డాయి. వెనక పక్క ఉందేమో, తిప్పి చూళ్ళేదేమో. వయసు మళ్ళినాక కళ్ళు మోసం చేస్తన్నాయి. నలభైమందికి నా చేత్తో గంజి పెట్టిచ్చి ఈడికి తోలుకొచ్చా. నాగమణి మూడో నెల కడుపుతో ఉంది. నావంక ఎట్టా చూస్తందో తెలుసా? వాళ్ళ ఉసురు నాకు తగలదూ?"

ఆవిడ ఏడవటం నేను అంతకుముందు చూడలేదు. అమ్మ పోయినప్పుడు కూడా నన్ను పట్టుకుని నిలబడిందే గానీ ఏడవలేదు. ఇక నావల్ల కాలేదు.

"నీ కళ్ళది తప్పు కాదత్తా. ఆ కాగితంలో తొమ్మిదోది లేదు. తీసేశారు. ఇది తర్వాత అచ్చేసి పాత తేదీ వేశారు."

అత్త నావైపే చూస్తోంది. సగం అర్థమై, మిగతా సగం అర్థం కాకూడదని చూస్తున్నట్టుంది.

"నీకెట్టా తెలుసు?"

"గంజి పెడితే నీలమవుతుందని కనిపెట్టింది నేనే. నా మాస్కే మొదట నీలమైంది. చెప్పొద్దన్నారు. నేను చెప్పలేదు."

ఫోనులో ఆవిడ ఊపిరి గరగరమంది.

"గంజి పెట్టానని నీకు ఫోను చేశా గదే" అంది.

"చేశావు."

"బాగుందన్నావు."

అత్త పేపరు తీసి, మడత విప్పి, మళ్ళీ జాగ్రత్తగా మడిచి కిటికీ అరుగు మీద పెట్టింది. "ఈదిలో చెప్పు. మాణిక్యమ్మ సరిగ్గానే చదివిందని చెప్పు" అంది. తర్వాత ఫోను చెవి నుంచి తీసేసి లోపలికి వెళ్ళిపోయింది. గట్టిగా పిలిచాను. చుట్టుపక్కల కిటికీలన్నీ నావైపు చూశాయి, ఆవిడ కిటికీ తప్ప.

ఆ సోమవారం పుల్ల పరీక్షల ఫలితాలు వచ్చాయి. నలభైముగ్గురిలో నలభైమందికి జబ్బు లేదు. అది, వాళ్ళని తీసుకెళ్ళిన రోజు సంగతి. కాగితం వచ్చిన రోజుకి ఇరవైఆరుమంది జ్వరంతో మంచం మీద ఉన్నారు. "మాణిక్యమ్మ, యాభైతొమ్మిది సంవత్సరాలు, వ్యాధి లేదు" అన్న కాగితం నేను చేత్తో పట్టుకునేసరికి ఆవిడకి ఆక్సిజన్ పెట్టారు. మూడో రోజు పోయింది. నాతో మళ్ళీ మాట్లాడలేదు. నాగమణి బతికింది, కడుపు నిలవలేదు.

అత్త చెప్పమన్నది చెప్పాను. పాత కరపత్రం పట్టుకుని, ఆవిడ నిలబడ్డ అరుగు మీదే నిలబడి, ఎనిమిది సూచనలూ చదివాను. తొమ్మిదోది ఎక్కడికి పోయిందో చెప్పాను. నాకు తెలుసని చెప్పాను. పేపర్లవాళ్ళకీ చెప్పాను. సంస్థవాళ్ళు నన్ను తీసేసి, జీతం విషయంలో గొడవపడిన ఉద్యోగిని అన్నారు. పేటెంటులో ఇప్పుడు ఒక్క పేరే ఉంది. దానికి నాకు బాధలేదు.

వీధిలో ఎవరూ నన్ను కొట్టలేదు. ఒక ముసలాయన మాత్రం, "అంటే చెప్పిన మాట విన్నోళ్ళే బలయ్యారన్నమాట" అన్నాడు. అందరూ ఒక్కొక్కరే మాస్కులు తీసి అరుగు మీద పెట్టి ఇళ్ళలోకి వెళ్ళారు.

"తీయకండి!" అని అరిచాను. "నీలం అబద్ధం, గుడ్డ అబద్ధం కాదు. జబ్బు నిజం. మూతికి గుడ్డ ఉండాలి!"

నాగమణి గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది. "ఇదన్నా నిజమేనా? ఇందులో చెప్పొద్దన్న ముక్క ఏమన్నా ఉందా అక్కా?" అంది. వెటకారం కాదు. తెలుసుకోవాలనే అడిగింది. లేదన్నాను. ఆమె నమ్మలేదు, ఎందుకు నమ్మాలి?

తర్వాతి నెలలో పొడిజ్వరం నిజంగానే పోగుల వీధిలోకి వచ్చింది. ఈసారి వ్యాను వస్తే తలుపులు తీయలేదు. దగ్గు బయటికి వినబడకుండా మగ్గాలు ఆడించారు. శేషఫణి అన్నట్టే జరిగింది, జనం నిబంధనలు విసిరికొట్టారు. అలా జరగడానికి కారణం ఆయన చెప్పింది కాదని చెప్పడానికి నాకు ఆయన గదిలోకి ప్రవేశం లేదు.

నేను మామూలు నూలు మాస్కులు కుట్టించుకుని రోజూ పొద్దున్నే వీధిలో ఇంటింటి ముందూ నిలబడేదాన్ని. ఏ పోగూ లేనివి, ఏ రంగూ మారనివి. చేయి చాచితే పక్కనుంచి తప్పుకుని వెళ్ళేవాళ్ళు. తిట్టినా బాగుండేది.

పదిరోజులకి కోటిలింగం గుమ్మంలోకి వచ్చాడు. కళ్ళు లోతుకుపోయాయి. మూతికి ఏమీ లేదు. నేను మాస్కు పట్టుకుని మెట్టెక్కబోతే చేయి అడ్డంపెట్టాడు.

"దూరంగా ఉండమ్మాయ్. నాకు నిన్నట్నించి జొరంగా ఉంది."

"అయితే ఇది వేసుకో బాబాయ్. ఇంట్లో పిన్ని ఉంది, కోడలుంది. దండం పెడతాను."

నా చేతిలోని గుడ్డని కాసేపు చూశాడు. ఆ మనిషి జన్మలో మాస్కు సరిగ్గా వేసుకోలేదు, అత్తతో రోజూ ఎకసెక్కాలాడేవాడు.

"మాణిక్యమ్మొదిన ఇస్తే ఏసుకునేవోణ్ణి" అని, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు.